ఆంగ్లికన్ ఆరాధనకు తొలిసారి వెళ్తున్నారా? ముందు వేళ ఎంచుకోండి

ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో నడిచే ఆంగ్లికన్ చర్చికి మొదటిసారి వెళ్లాలనుకునేవారు సాధారణంగా ఏ చర్చి మంచిదని అడుగుతారు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏ ఆరాధనకు వెళ్లాలి? ఒకే భవనంలో, ఒకే ఆదివారం, ఒకే గురువు నడిపించే రెండు ఆరాధనలకు ఒకదానితో ఒకటి పోలికే లేకపోవచ్చు. పొద్దున్న ఎనిమిదింటికి పదిమంది పెద్దవాళ్లు దూరదూరంగా కూర్చుని, పాట లేకుండా, పాతకాలపు వాక్యాలు తగ్గు స్వరంతో చదువుకుని వెళ్లిపోతారు. పదింటికి అదే చోట ఆర్గన్ మోగుతుంది, పిల్లలు బెంచీల మధ్య తిరుగుతారు, ముక్కూముఖం తెలియనివారు వచ్చి చెయ్యి కలుపుతారు. సాయంత్రం గాయక బృందం పాడుతుంటే వచ్చినవారంతా మౌనంగా వింటూ కూర్చుంటారు. ఒక్కొక్క ఆరాధనే చూసివచ్చిన ముగ్గురిని కూర్చోబెట్టి అడిగితే మూడు వేర్వేరు మతశాఖల గురించి చెబుతున్నారనిపిస్తుంది.

దీనికి కారణం చరిత్రలో ఉంది. 1534లో ఎనిమిదో హెన్రీ ఇంగ్లండ్ చర్చిని రోమ్ అధికారం నుంచి తప్పించినప్పుడు ఆరాధన పెద్దగా మారలేదు, లాటిన్‌లోనే సాగింది. ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో, 1549లో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆధ్వర్యంలో ఇంగ్లీషు 'సామాన్య ప్రార్థనా గ్రంథం' వచ్చింది. పాలకులు మారినప్పుడల్లా ఆ గ్రంథమూ మారుతూ, మధ్యలో నిషేధాలకు కూడా గురై, చివరకు 1662 ప్రతి దగ్గర నిలిచింది. ఇంగ్లండ్ చర్చిలో దానికి నేటికీ అధికారిక హోదా ఉంది. 2000లో వచ్చిన 'కామన్ వర్షిప్' దాన్ని తొలగించకుండానే, పక్కన ఆధునిక భాషలో ఎన్నో ప్రత్యామ్నాయ క్రమాలు పెట్టింది. ఇతర దేశాల ఆంగ్లికన్ సంఘాలలో చాలావాటికి సొంత ప్రార్థనా గ్రంథాలున్నాయి. అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి గ్రంథం 1979 నాటిది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి గౌరవం ఉంది గానీ, పోప్ మాటలా ఆ పదవిలో ఉన్నవారి మాట అన్ని దేశాలలోనూ చెల్లదు. మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలతో ఆంగ్లికన్లు కలిసిపోయి 1947లో ఏర్పరచిన సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) కూడా ఆంగ్లికన్ సంఘాల ప్రపంచ సమాఖ్యలో సభ్యురాలే. అక్కడి ఆరాధన ఎరిగినవారికి కింద చెప్పబోయే వరుసలో చాలా భాగం కొత్తగా అనిపించదు.

వీటిని పోల్చేటప్పుడు నేను చూసేవి మూడే. వచ్చినవారు ఎంత నోరు విప్పాలి, ఎన్నిసార్లు లేచి కదలాలి, ఎంతమంది పలకరిస్తారు. సిద్ధాంతాల తేడాలు తర్వాత తెలుస్తాయి. మొదటి రోజు మనిషిని ఇబ్బంది పెట్టేవి ఈ మూడే.

ఆదివారం ప్రధాన ఆరాధన

నోటీసు బోర్డు మీద 'పారిష్ యూకరిస్ట్', 'సంగ్ యూకరిస్ట్', 'హోలీ కమ్యూనియన్' అని ఉండేది ఇదే. సాధారణంగా పొద్దున్న తొమ్మిదిన్నరకూ పదకొండుకూ మధ్య మొదలవుతుంది, గంట నుంచి గంటంపావు పడుతుంది. ఆ సంఘం అసలు ఎలాంటిదో తెలియాలంటే చూడవలసింది దీన్నే. కానీ మూడు కొలతల్లోనూ ఎక్కువ పని పెట్టేదీ ఇదే.

ద్వారం దగ్గర ఒకరు నిలబడి ఆరాధన క్రమం ముద్రించిన చిన్న పుస్తకమో కాగితమో చేతికిస్తారు, పాటల పుస్తకం కూడా ఇవ్వవచ్చు. కొన్నిచోట్ల అంతా తెరమీద కనిపిస్తుంది. పుస్తకంలో మందపాటి అక్షరాలలో ఉన్నది సభ అంతా కలిసి చెప్పేది, మామూలు అక్షరాలలో ఉన్నది గురువు చెప్పేది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం బెరుకు పోతుంది. చదవడం మీకు ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చు, ఎవరూ గమనించరు.

వరుస ఇలా సాగుతుంది. పాటతో గురువు, సహాయకులు లోపలికి వస్తారు. పలకరింపు, తర్వాత అందరూ కలిసి చేసే పాపపు ఒప్పుకోలు, గురువు చెప్పే క్షమాపణ వాక్యం. పండుగ రోజుల్లోనూ మామూలు ఆదివారాల్లోనూ 'గ్లోరియా' అనే స్తుతిగీతం ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్, ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ కాలాల్లో దాన్ని వదిలేస్తారు. ఆ తర్వాత ఆ వారానికి నిర్ణయించిన చిన్న ప్రార్థన, బైబిలు పఠనాలు. పాత నిబంధన, దావీదు కీర్తన, అపొస్తలుల పత్రిక, సువార్త అనే నాలుగింటిలో కొన్నిచోట్ల ఒకటి రెండు తగ్గిస్తారు. సువార్త చదివేటప్పుడు మాత్రం అందరూ లేచి నిలబడతారు. ఏ వారం ఏ భాగం చదవాలో గురువు తన ఇష్టప్రకారం ఎంచుకోవడం అరుదు. 1992లో సిద్ధమైన మూడేళ్ల పఠన పట్టికను చాలా ఆంగ్లికన్ సంఘాలు కొద్ది మార్పులతో పాటిస్తాయి. అందులో ఒక ఏడు మత్తయికీ, ఒక ఏడు మార్కుకూ, ఒక ఏడు లూకాకూ ప్రాధాన్యం, యోహాను సువార్త మూడేళ్లలోనూ అక్కడక్కడ వస్తుంది. ఈ పట్టిక నాకు నచ్చుతుంది. ప్రసంగీకుడికి ఇష్టమైన పది వాక్యాల చుట్టూ ఏడాది పొడవునా తిరగకుండా ఇది అడ్డుపడుతుంది.

ప్రసంగం పది పదిహేను నిమిషాలు. తర్వాత అందరూ నిలబడి, క్రైస్తవ నమ్మకాలను క్లుప్తంగా చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం చెబుతారు. లోకం కోసం, రోగుల కోసం, చనిపోయినవారి కుటుంబాల కోసం విజ్ఞాపనలు ఉంటాయి. వీటిని తరచుగా సంఘ సభ్యులలో ఒకరు నడిపిస్తారు.

అప్పుడు వస్తుంది కొత్తవారు ముందుగా ఊహించని ఘట్టం. గురువు 'సమాధానం మీతో ఉండుగాక' అనగానే అంతవరకు గంభీరంగా కూర్చున్నవారంతా లేచి చుట్టుపక్కలవారితో చేతులు కలుపుతారు. కొన్నిచోట్ల అరనిమిషంలో ముగుస్తుంది, కొన్నిచోట్ల నడవ అంతా తిరిగి ప్రతి ఒక్కరినీ పలకరిస్తారు. ఎవరినీ తాకడం ఇష్టం లేనివారు చిరునవ్వుతో తల ఊపితే సరిపోతుంది. ఇది పాత సంప్రదాయమే అయినా 1662 గ్రంథంలో లేదు. ఇరవయ్యో శతాబ్దపు సంస్కరణలతో తిరిగి వచ్చింది. అందుకే ఇప్పటికీ దీన్ని భరించలేక ఎనిమిది గంటల ఆరాధనకే వెళ్లే పాత సభ్యులున్నారు.

తర్వాత పాట పాడుతుండగా కానుకల సంచి లేదా పళ్లెం చేతులు మారుతుంది. అతిథుల దగ్గర ఎవరూ ఆశించరు. పక్కవారికి అందిస్తే చాలు. చాలామంది సభ్యులు బ్యాంకు ద్వారా నెలనెలా ఇస్తారు కాబట్టి వాళ్లూ పళ్లాన్ని ఖాళీ చేతులతోనే ముందుకు పంపుతుంటారు.

ఇక ప్రభురాత్రి భోజన సంస్కారం. గురువు బల్ల వెనక నిలబడి రొట్టె, ద్రాక్షారసాల మీద దీర్ఘ ప్రార్థన చేస్తారు. పరలోక ప్రార్థన తర్వాత జనం వరుసగా ముందుకు వెళ్లి మోకరించిగాని నిలబడిగాని తీసుకుంటారు. కొత్తవారికి ఎక్కువ సందేహాలు ఇక్కడే. ఇంగ్లండ్ చర్చి నియమం ప్రకారం, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని విశ్వసించే మరే సంఘంలోనైనా బాప్తిస్మం పొంది అక్కడ సంస్కారం తీసుకునేవారు ఇక్కడా తీసుకోవచ్చు. కేథలిక్కులకు ఇటునుంచి అడ్డు లేదు గానీ వారి సొంత సంఘం నియమాలు ఒప్పుకోవు. బాప్తిస్మం లేనివారు, ఇతర మతాలవారు, ఇంకా తేల్చుకోనివారు రెండింటిలో ఒకటి చేయవచ్చు. తమ స్థానంలోనే కూర్చోవచ్చు. లేదా వరుసలో వెళ్లి, రెండు చేతులూ గుండెలమీద అడ్డంగా పెట్టుకుంటే గురువు ఆశీర్వదిస్తారు. కూర్చుండిపోతే అవమానంగా ఉంటుందేమోనని కొందరు భయపడతారు. ఉండదు, కూర్చున్నవారు ప్రతివారం ఎవరో ఒకరు ఉంటారు.

రొట్టె చాలాచోట్ల పలుచని గుండ్రని అప్పం. గోధుమ పడనివారికి వేరే అప్పం ఉంచుతారు, కానీ ముందుగా అడగాలి. ద్రాక్షారసం అందరికీ ఒకే పాత్ర నుంచి ఇస్తారు, ప్రతిసారీ అంచు తుడిచి పాత్రను కొద్దిగా తిప్పుతారు. ఇంగ్లండ్ చర్చి నియమం పులిసిన ద్రాక్షరసాన్నే కోరుతుంది కాబట్టి అందులో మద్యం ఉంటుంది. మద్యం ముట్టనివారు, ఒకే పాత్ర నుంచి తాగడానికి సంకోచించేవారు రొట్టె మాత్రమే తీసుకోవచ్చు. దానితోనే సంస్కారం పూర్తిగా అందినట్టు లెక్క.

చివరి పాట, ఆశీర్వాదం తర్వాత ఆరాధన ముగిసినా మనుషులు కదలరు. వెనకవైపు టీ, కాఫీ ఉంటాయి. పలకరింపులు వద్దనుకునేవారు చివరి పాట అవగానే పక్క ద్వారం గుండా వెళ్లిపోవచ్చు. అయితే ఈ సంఘంలో ఇమడగలమా అని చూడటానికే వచ్చినవారికి ఆ కాఫీ పావుగంట ప్రసంగం కంటే ఎక్కువ చెబుతుంది. కొత్తవారిని ఎవరైనా పలకరిస్తున్నారా, లేక పాత స్నేహితులు గుండ్రంగా నిలబడి వీపులు చూపిస్తున్నారా? ఆ సంగతి ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు.

సాయంకాల ప్రార్థన

నన్ను ఎవరైనా ఒక్క ఆరాధన చెప్పమంటే, గాయక బృందం పాడే సాయంకాల ప్రార్థన, 'కోరల్ ఈవెన్‌సాంగ్' అంటాను. క్రైస్తవులు కానివారికి, ఏళ్ల తరబడి చర్చి మొహం చూడనివారికి, జనంలో ఒంటరిగా ఉండాలనుకునేవారికి దీన్ని మించినది లేదు. నోరు విప్పవలసింది అతి తక్కువ. లేవడం, కూర్చోవడం కొద్దిసార్లు. చెయ్యి కలపడం లేదు, సంస్కారం లేదు, ముందుకు వెళ్లడం లేదు. ముప్పావు గంటలో ముగుస్తుంది. ప్రవేశానికి రుసుము తీసుకునే వెస్ట్‌మినిస్టర్ ఆబీ, లండన్ సెయింట్ పాల్ కేథడ్రల్ వంటివి కూడా ఆరాధనకు వచ్చేవారి దగ్గర ఏమీ తీసుకోవు.

పాత మఠాలలో రాత్రింబవళ్లు గంటల ప్రకారం జరిగే అనేక ప్రార్థనలను క్రాన్మర్ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా కుదించాడు. మఠవాసులకే మిగిలిపోయిన దినచర్య మామూలు మనిషికి అందాలన్నది ఆయన ఉద్దేశం. సాయంకాలపు క్రమంలో దావీదు కీర్తనలు, రెండు బైబిలు పఠనాలు, మొదటి పఠనం తర్వాత లూకా సువార్తలోని మరియ గీతం, రెండోదాని తర్వాత వృద్ధుడైన సుమెయోను గీతం, విశ్వాస ప్రమాణం, కొన్ని చిన్న ప్రార్థనలు, ఆపైన గాయక బృందం పాడే ఒక ప్రత్యేక గీతం ఉంటాయి. ఈ రెండు గీతాలకూ నాలుగున్నర శతాబ్దాలుగా ఇంగ్లండ్ స్వరకర్తలు బాణీలు కడుతూనే ఉన్నారు. ప్రతిరోజూ అవే మాటలు, బాణీ మాత్రం రోజుకొకటి. ఒకే కృతిని వేర్వేరు విద్వాంసుల నోట విని ఆనందించే అలవాటు ఉన్నవారికి దీని రుచి వెంటనే పట్టుబడుతుంది. బీబీసీ 1926 నుంచి దీన్ని రేడియోలో ప్రసారం చేస్తోంది. వెళ్లేముందు ఒకసారి వింటే వరుస తెలుస్తుంది.

కీర్తనల విషయంలో చిన్న హెచ్చరిక. 1662 గ్రంథం 150 కీర్తనలనూ నెలరోజులకు పంచింది. ఆ లెక్కన 15వ తేదీ సాయంత్రం వంతు 78వ కీర్తన. ఒక్కటే అయినా డెబ్బై పైచిలుకు వచనాలు, ఐగుప్తు తెగుళ్లతో సహా. ఆ పట్టికను పూర్తిగా పాటించే కేథడ్రల్‌కు ఆ రోజు వెళ్తే సావకాశంగా వెళ్లండి. చాలాచోట్ల దాన్ని తగ్గించే పాడతారు.

దీని లోపం కూడా చెప్పాలి. పదిసార్లు వెళ్లినా మీ పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. గాయక బృందం మెరుగ్గా ఉన్న కేథడ్రల్‌లో అది సంగీతసభలానే ముగుస్తుంది. తోడు కోసం, స్నేహం కోసం వెతుకుతున్నవారికి ఇది చాలదు. పైగా శిక్షణ పొందిన గాయక బృందం ఉన్న కేథడ్రల్‌లు, కళాశాల చాపెల్‌లు, కొన్ని పెద్ద చర్చిలలోనే ఇది దొరుకుతుంది. గాయకులు లేనిచోట ఇదే క్రమాన్ని చదువుతారు. అది ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఆ రుచి వేరు.

ఎనిమిది గంటల ఆరాధన

చాలా చర్చిలలో పొద్దున్నే 1662 గ్రంథం ప్రకారం పాటలు లేని సంస్కారపు ఆరాధన జరుగుతుంది. అరగంట నుంచి ముప్పావు గంట. భాష గంభీరం, మనుషులు తక్కువ, పలకరింపులు దాదాపు శూన్యం. అందం ఉంది, కాదనను. అయితే వచ్చేవారికి అన్నీ కంఠోపాఠం కాబట్టి ఏ పేజీలో ఉన్నామో ఎవరూ చెప్పరు. పైగా పదిమందిలో కొత్తముఖం వెంటనే కనిపించిపోతుంది. తొలి పరిచయానికి దీన్ని సిఫారసు చేయను. ప్రధాన ఆరాధన రెండు మూడుసార్లు చూసినవారికి మాత్రం ఇది మంచి విరామం.

కుటుంబ ఆరాధనలు, బ్యాండ్ ఉన్న ఆరాధనలు

'ఫ్యామిలీ సర్వీస్', 'ఆల్ ఏజ్' అని రాసి ఉంటే పిల్లలకోసం తీర్చినదని అర్థం. ప్రసంగం చిన్నది, బొమ్మలో నాటికో ఉండవచ్చు, గోల సహజం. నెలకు ఒక ఆదివారం ప్రధాన ఆరాధన స్థానంలో ఇది పెట్టే చర్చిలున్నాయి. పిల్లలు ఉన్నవారికి ఇది వరం. పిల్లలు లేకుండా ఒంటరిగా, నిశ్శబ్దం ఆశించి వచ్చినవారు అదే రోజు తగిలితే మాత్రం తలనొప్పితో తిరిగి వెళ్తారు. తేదీ చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో 2004లో మొదలై అనేక దేశాలకు పాకిన 'మెస్సీ చర్చ్' అనే పద్ధతి ఇంకొంచెం ముందుకు వెళ్లింది. రంగులు, జిగురు, ఆటలు, ఒక కథ, పాట, చివర కలిసి భోజనం. తరచుగా ఇది ఆదివారం కాక మరో రోజు ఉంటుంది.

సువార్తిక ధోరణి గల ఆంగ్లికన్ చర్చిలలో, ముఖ్యంగా సాయంత్రం ఆరాధనలలో, గిటారు, డ్రమ్స్, తెరమీద పాటలు, అరగంట ప్రసంగం కనిపిస్తాయి. గురువు మామూలు దుస్తులలోనే ఉండవచ్చు. పాటల భాగం ఇరవై నిమిషాలు ఏకధాటిగా సాగవచ్చు, కొందరు చేతులెత్తి పాడతారు. చివర 'మీకోసం ప్రార్థించమంటారా' అని అడిగేవారుంటారు. వద్దంటే వదిలేస్తారు. యువకులు, విద్యార్థులు, ప్రశ్నలతో వచ్చినవారు ఇక్కడ త్వరగా కలిసిపోతారు. ఇలాంటి చర్చిలలో ఆదివారం కంటే వారం మధ్యలో ఇళ్లలో జరిగే చిన్న బృందాల కూడికలే స్నేహాలకు అసలు చోటు. లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రామ్టన్ చర్చిలో పుట్టిన 'ఆల్ఫా' కోర్సు కూడా ఈ తోవదే. భోజనం, ఒక ఉపన్యాసం, ఆపై నచ్చినది అడిగే చర్చ. ఆరాధనకు వెళ్లడమే ఇబ్బందిగా ఉన్నవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఒక మాట మాత్రం: పెంతెకొస్తు సంఘాల ఆరాధనకు అలవాటుపడినవారికి ఇది పరిచితంగా ఉంటుంది కాబట్టి, ఆంగ్లికన్ సంప్రదాయం ప్రత్యేకత ఏమిటో తెలుసుకోవాలని వచ్చినవారికి ఇది సరైన నమూనా కాదు.

బోర్డు చూసి పోల్చుకోవడం

ఆంగ్లికన్లలో రెండు ప్రవాహాలు ఉన్నాయి. 1833లో జాన్ కీబుల్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంతో మొదలైనట్టు చెప్పే ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం సంస్కారాలకు, గురుత్వానికి, ప్రాచీన సంప్రదాయానికి ప్రాధాన్యం ఇచ్చింది. తర్వాతి తరాలు దాన్ని దీపాలు, ధూపం, రంగురంగుల అంగీల దాకా తీసుకువెళ్లాయి. మరోవైపు, కేంబ్రిడ్జ్‌లో ఐదు దశాబ్దాలకు పైగా సేవ చేసిన చార్లెస్ సిమియన్ వంటివారు బలపరచిన సువార్తిక ధోరణి వాక్యానికి, ప్రసంగానికి, వ్యక్తిగత విశ్వాసానికి పెద్దపీట వేసింది. మధ్యలో రెండింటి నుంచీ కొంచెం కొంచెం తీసుకునే సంఘాలే ఎక్కువ.

బోర్డు మీద 'మాస్' అని, గురువు పేరు ముందు 'ఫాదర్' అని ఉంటే మొదటి ప్రవాహం. లోపల ధూపం, గంటలు, శిలువ గుర్తు వేసుకోవడం, మోకాలు వంచడం కనిపిస్తాయి. ఇవన్నీ మీరు చేయాలని లేదు. ఉబ్బసం ఉన్నవారు ధూపం సంగతి ముందే కనుక్కుని వెనక వరుసలో కూర్చోవడం మంచిది. బోర్డు మీద ప్రసంగాల వరుస, 'బైబిల్ స్టడీ', 'మార్నింగ్ సర్వీస్' వంటి మాటలు ఎక్కువగా ఉంటే రెండో ప్రవాహం. కేథలిక్ నేపథ్యం నుంచి వచ్చినవారు మొదటిచోట, బాప్టిస్టు లేదా స్వతంత్ర సంఘాల నుంచి వచ్చినవారు రెండోచోట త్వరగా కుదురుకుంటారని నేను గమనించాను. కానీ మార్పు కోసమే వచ్చినవారికి దీన్ని తిరగవేసి చెబుతాను.

కొందరిని ఆశ్చర్యపరిచే మరో సంగతి: గురువు స్థానంలో స్త్రీ ఉండవచ్చు. ఆంగ్లికన్లలో తొలి స్త్రీ గురువుగా ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ 1944లో చైనాలో అభిషేకం పొందారు. ఇంగ్లండ్ చర్చిలో స్త్రీలు 1994 నుంచి గురువులు, 2015 నుంచి బిషప్‌లు. దీన్ని అంగీకరించలేని సంఘాలకు అక్కడ వేరే ఏర్పాటు ఉంది. అన్ని దేశాల ఆంగ్లికన్ సంఘాలలోనూ ఒకే విధానం లేదు. గురువులు పెళ్లి చేసుకోవచ్చునన్నది మాత్రం అంతటా ఉన్నదే.

క్రిస్మస్ ముందు వెళ్తే

చాలామంది తొలి పరిచయం క్రిస్మస్ పాటల ఆరాధనతోనే మొదలవుతుంది. తొమ్మిది పఠనాలు, వాటి మధ్య పాటలు అనే క్రమం 1880లో ఇంగ్లండ్‌లోని ట్రూరో పట్టణంలో పుట్టింది. 1918లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చేపట్టాక ప్రపంచమంతా పాకింది. చీకటి, కొవ్వొత్తులు, అందరికీ తెలిసిన పాటలు. వెళ్లండి, తప్పక నచ్చుతుంది. కానీ దాన్నిబట్టి ఆ సంఘంలో చేరాలా వద్దా అని నిర్ణయించుకోకండి. ఆ రోజు వచ్చినవారిలో చాలామంది మళ్లీ వచ్చే డిసెంబరులోనే కనిపిస్తారు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు కూడా అంతే. అక్కడ వచ్చినవారిలో సగంమంది మీలాగే కొత్తవారు.

చిన్న చిన్న భయాలు

దుస్తుల నియమం లేదు. శుభ్రంగా, మామూలుగా ఉంటే చాలు. తలపై ముసుగు అడగరు. చెప్పులు బయట విడిచే అలవాటు ఈ సంప్రదాయంలో సాధారణంగా లేదు. అయిదు నిమిషాలు ముందే చేరి, మధ్య వరుసలకు కొంచెం వెనక కూర్చోండి. ముందువారు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చోవచ్చు. మరీ చివరి వరుసలో కూర్చుంటే అందరూ కనిపిస్తారు గానీ, ఆలస్యంగా వచ్చేవారి రాకపోకలు ఎక్కువ. మోకరించే చోట కింద చిన్న మెత్త ఉంటుంది. మోకాళ్లు సహకరించనివారు ముందుకు వంగి కూర్చుంటారు. ఫోటోలు ఆరాధన మధ్యలో తీయకూడదు. కొత్తవారిని నిలబెట్టి పరిచయం చేసుకోమనడం ఇక్కడ అరుదు.

నా సిఫారసు

చూసి వెళ్లాలనుకునేవారు, మతంతో పేచీ ఉన్నవారు, సంగీతప్రియులు సాయంకాల ప్రార్థనకు వెళ్లండి. సంఘంలో చేరే ఆలోచన ఉన్నవారు ప్రధాన ఆరాధనకే వెళ్లాలి, కనీసం రెండుసార్లు, వీలైతే వేర్వేరు కాలాల్లో. లెంట్‌లో ఊదారంగు వస్త్రాలతో, 'హల్లెలూయ' మాట కూడా లేకుండా సాగే ఆరాధన ఒకటి, ఈస్టర్ తర్వాత తెల్లని వస్త్రాలతో, పూలతో ఉన్నది ఇంకొకటి. ఒకటి మాత్రమే చూస్తే ఆ సంఘం స్వభావం సగమే తెలుస్తుంది. చిన్నపిల్లల తల్లిదండ్రులు కుటుంబ ఆరాధనతో మొదలుపెట్టి, తర్వాత ప్రధాన ఆరాధనలో పిల్లలకు ఏ ఏర్పాటు ఉందో అడగండి. ఇంగ్లీషు ఇంకా తడబడుతున్నవారికి ముద్రిత క్రమం ఉన్న చర్చే మేలు. బ్యాండ్ ఉన్నచోట అప్పటికప్పుడు వచ్చే మాటలు వేగంగా వెళ్లిపోతాయి, కాగితం మీదివి కళ్లముందే ఉంటాయి.

రెండు చర్చిల మధ్య ఊగిసలాడుతున్నవారికి నేను చెప్పేది ఒక్కటే: సంగీతం చూసి కాక, ప్రసంగం, కాఫీ వేళ చూసి ఎంచుకోండి. సంగీతం కోసమే అయితే ఎప్పుడైనా కేథడ్రల్‌కు వెళ్లి వినవచ్చు. ప్రతివారం వినవలసిన ప్రసంగం, ప్రతివారం ఎదురుపడే మనుషులు నచ్చకపోతే ఎంత మంచి ఆర్గనైనా ఆరు నెలలకు మించి నిలబెట్టలేదు.

వెళ్లే వారం వేళలు ఆ చర్చి వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి. పాఠశాల సెలవుల్లో కేథడ్రల్ గాయక బృందాలకు విరామం ఉంటుంది. ఆ రోజుల్లో బయటి బృందం పాడవచ్చు, లేదా ప్రార్థన పాట లేకుండా చదివే పద్ధతిలో జరగవచ్చు. నెలలో ఐదో ఆదివారం వచ్చినప్పుడు కొన్ని ప్రాంతాలలో రెండు మూడు చర్చిలు కలిసి ఒకేచోట ఆరాధన జరుపుకుంటాయి, మిగతావి ఆ రోజు మూసే ఉంటాయి.